తడిస్తే తేటపడే దీపం

ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన పాత కారు ముందు దీపాలను ఎప్పుడైనా గమనించారా? శుక్లం పట్టిన కన్నులా మసకగా, పచ్చగా ఉంటాయి. వాటిమీద చెంబుడు నీళ్లు పోసి చూడండి. తడి ఉన్నంతసేపూ మసక చాలావరకు మాయమవుతుంది. ఆరగానే మళ్లీ మామూలే! ఎందుకిలా?

పూర్వం ఈ దీపాల ముందు గాజు ఉండేది. ఇప్పుడు ఎక్కువగా పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ వాడుతున్నారు. ఇది తేలిక, చిన్న రాయి తగిలినా గాజులా పగలదు. కాని దీనిమీద సులభంగా గీతలు పడతాయి. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల దీని అణువుల గొలుసులు తెగి, రంగు పసుపుకు తిరుగుతుంది. అందుకే కర్మాగారంలోనే దీనిపై రక్షణ పూత పూస్తారు. కొన్నేళ్లకు ఆ పూత అరిగి, సన్నని పగుళ్లు వస్తాయి.

గరుకు తలం మీద పడిన కాంతి కిరణాలు తలోదిక్కుకు చెదిరిపోతాయి. దీన్నే పరిక్షేపణం అంటారు. గాలి వక్రీభవన గుణకం సుమారు 1, నీటిది 1.33, పాలీకార్బొనేట్‌ది సుమారు 1.58. గీతల్లో గాలికి బదులు నీరు నిండితే ఈ తేడా తగ్గుతుంది. కాంతి అంతగా చెదరదు.

మీరే పరీక్షించవచ్చు. పారదర్శకంగా ఉన్న పాత ప్లాస్టిక్ స్కేలును ఒకచోట ఉప్పుకాగితంతో రుద్దండి. పుస్తకానికి కాస్త ఎత్తులో పట్టుకుని చూస్తే అక్షరాలు కనబడవు. రుద్దినచోట నీటి చుక్క వేసి పరచండి. అక్షరాలు కనబడతాయి!

ఇది వింత మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం. బాగా మసకబారిన దీపాలు కొత్తవాటి వెలుగులో సుమారు 20 శాతమే ఇస్తాయని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో తెలిపింది. చెదిరిన కాంతి ఎదుటివారి కళ్లలోనూ పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. రోడ్డు దాటే మనిషి ఒక్క సెకను ఆలస్యంగా కనబడితే ఏమవుతుందో ఊహించండి.

మరి బాగుచేయడం ఎలా? ముందు దీపాన్ని కడిగి, చుట్టూ ఉన్న రంగుకు అంటుకునే టేపు వేస్తారు. తర్వాత మెకానిక్కులు వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో, నీళ్లు చల్లుతూ రుద్దుతారు. మొదట 800 నంబరు, తర్వాత 1000, 2000, 3000. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందు కాగితం పెట్టిన గీతలను తర్వాతి కాగితం మరింత సన్నవిగా చేస్తుంది. చివర పాలిష్‌తో నునుపు చేస్తారు.

పని ఇంతటితో అయిపోలేదు. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత మళ్లీ వేయాలి. టూత్‌పేస్టుతో రుద్దినా దీపం కొంత మెరుస్తుంది. అందులోని మెత్తని పొడి గరుకును అరగదీస్తుంది. కాని రక్షణ పూత లేనందువల్ల ఆ మెరుపు త్వరలోనే పోతుంది.

ఉన్న పూతను కాపాడుకోవడం ఇంకా తేలిక. కారును నీడలో నిలపాలి. దుమ్మును పొడిగుడ్డతో తుడవకుండా, ముందు నీళ్లతో కడగాలి. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వకూడదు. అవి ఈ ప్లాస్టిక్‌ను పగుళ్లు పట్టిస్తాయి.

మీ వీధిలో మసక దీపాల కారు కనబడితే దాని యజమానికి ఈ సంగతి చెప్పండి.