ట్రాన్స్‌ఫార్మర్ ఎంపికలో ధర కన్నా చోటే ముఖ్యం

న్యూఢిల్లీ: 1997 జూన్ 13 సాయంత్రం ఢిల్లీ గ్రీన్‌పార్క్‌లోని ఉపహార్ థియేటర్‌లో ‘బోర్డర్’ చిత్రం ప్రదర్శన జరుగుతోంది. భవనం కింది అంతస్తులో, కార్లు నిలిపే చోటు పక్కనే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చమురు కారి నిప్పంటుకుంది. మంటలు కార్లకు పాకాయి. పొగ మెట్ల మార్గం గుండా బాల్కనీకి చేరింది. బయటపడే దారి లేక, ఊపిరాడక 59 మంది మరణించారు. వంద మందికి పైగా గాయపడ్డారు. అదే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ ఉదయమే ఒకసారి మంటలు రేగగా, మరమ్మతు చేసి సరఫరాను పునరుద్ధరించారు.

లోపభూయిష్టమైన మరమ్మతు, అడ్డుగా వేసిన అదనపు సీట్లు ఇంతటి ప్రాణనష్టానికి కారణమయ్యాయి. అయితే జనం కిక్కిరిసే భవనంలో చమురు నింపిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అసలు ఉంచవచ్చునా అన్న ప్రశ్న వీటన్నింటికన్నా ముందు వస్తుంది.

చమురుతో లాభనష్టాలు

ట్రాన్స్‌ఫార్మర్‌లో చమురు రెండు పనులు చేస్తుంది. తీగచుట్టల మధ్య విద్యుత్ నిరోధకంగా నిలుస్తుంది. లోపల పుట్టే వేడిని రేడియేటర్లకు చేరవేస్తుంది. ఈ రకం ధర తక్కువ, పరిమాణం చిన్నది. ఎండావానలకు ఆరుబయట నిలుస్తుంది. తాత్కాలికంగా పెరిగే లోడును తట్టుకుంటుంది. చమురులో కరిగిన వాయువులను పరీక్షిస్తే లోపలి లోపం ముందుగానే బయటపడుతుంది. అందుకే 220, 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్లలో వీటిదే రాజ్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో వ్యవసాయ పంపుసెట్లకు విద్యుత్తునందించేవి కూడా ఇవే.

సాధారణంగా వాడే ఖనిజ చమురు మండే గుణం గలది. సుమారు 140 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే దాని ఆవిరి నిప్పు తగిలి అంటుకుంటుంది. పొలంగట్టున అంటుకుంటే నష్టం పరికరంతో పోవచ్చు. ఆస్పత్రి కింద అంటుకుంటే పొగ ముందుగా చేరేది కదలలేని రోగుల వద్దకే.

గాలితో చల్లబడే రకం

డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చమురు ఉండదు. తీగచుట్టలను ఎపాక్సీ రెసిన్‌లో పోత పోస్తారు. చుట్టూ ఉండే గాలే వాటిని చల్లబరుస్తుంది. చమురు కారడం, మంటలు పాకడం అనే భయం చాలావరకు తొలగుతుంది. ఆస్పత్రులు, బహుళ అంతస్తుల భవనాలు, మెట్రో రైలు స్టేషన్లు వీటివైపు మొగ్గు చూపడానికి కారణమిదే.

వీటికీ పరిమితులున్నాయి. ఒకే సామర్థ్యానికి ధర ఎక్కువ. విద్యుత్ నష్టం, శబ్దం కూడా సాధారణంగా ఎక్కువే. గదిలో గాలి ధారాళంగా ఆడాలి. దుమ్మును తరచు తొలగించాలి. రెసిన్ చుట్ట కాలిపోతే దాన్ని విప్పి బాగుచేయడం కష్టం, చుట్టనే మార్చవలసి ఉంటుంది. వీటి వాడకం ఎక్కువగా 11, 33 కిలోవోల్టుల స్థాయికే పరిమితం.

నిబంధనల మాట

నివాస, వాణిజ్య భవనాల లోపల డ్రై టైప్ మాత్రమే వాడాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనలలో నిర్దేశించింది. పరికరంలో 2,000 లీటర్లకు మించి చమురు ఉన్న సబ్‌స్టేషన్లలో అగ్నినిరోధక గోడలు, కారిన చమురు ఇంకే గుంటలు ఉండాలని పేర్కొంది.

మధ్యేమార్గంగా ఎస్టర్ ద్రవాలు కూడా అందుబాటులోకి వచ్చాయి. వీటిలో కొన్నింటిని వనస్పతి నూనెల నుంచి తయారు చేస్తారు. 300 డిగ్రీలు దాటితే గాని ఇవి నిలకడగా మండవు. ధర మాత్రం ఖనిజ చమురు కన్నా ఎక్కువ.

టెండరు పత్రంలో ముందుగా కంటపడేది కొనుగోలు ధర. పాతికేళ్లకు పైగా పనిచేయవలసిన పరికరానికి విద్యుత్ నష్టాలను, నిర్వహణ వ్యయాన్ని కూడా లెక్కించాలి. అంతకన్నా ముందు దాని పైఅంతస్తులో ఎవరుంటారో చూడాలి. ఆరుబయట ఖాళీ స్థలముంటే చమురు రకమే లాభదాయకం. నెత్తిన జనముంటే ఆ పొదుపు పొదుపు కాదు.