తడిసిన పోగు ఎందుకు అతుక్కుంటుంది? – గూడు కట్టే వేళ తేమతో జాగ్రత్త



అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాలతో మన ప్రాంతంలో ముసురు పడుతుంది. ఆ రోజుల్లో కట్టిన గూళ్ళు చూపుకు బాగానే ఉన్నా, రీలరు చేతికి వెళ్ళాక "పోగు తెగుతోంది" అన్న మాట వస్తుంది. ధర పడిపోతుంది. ఒకసారి ఉడుమలైపేట దగ్గరి ఊళ్ళో ఒక రైతు చలిగాలి తగులుతుందని చంద్రికలున్న గదికి టార్పాలిన్లు కట్టి, కిటికీలన్నీ మూసేశారు. నేను వెళ్ళి తలుపు తీసేసరికి గోడలు చెమర్చి ఉన్నాయి. మేతలో, శుభ్రతలో ఏ లోపమూ లేదు. పంటను దెబ్బతీసింది తేమ. అదెలాగో తెలుసుకుందాం.

నీటి పైపొర బలం

ఒక రంగుల కుంచెను గ్లాసెడు నీళ్ళలో ముంచి చూడండి. నీళ్ళ లోపల ఉన్నంతసేపూ వెంట్రుకలు విడివిడిగా విచ్చుకునే ఉంటాయి. పైకి తీయగానే ఒక్క మొనగా దగ్గరకు చేరతాయి. అంటే వాటిని దగ్గరకు లాగింది ఒట్టి తడి కాదు. నీరూ గాలీ కలిసే చోట ఉండే పైపొర. ఆ పొర ఎప్పుడూ తన వైశాల్యాన్ని తగ్గించుకోవాలని చూస్తుంది. దీనినే తలతన్యత అంటారు. తలస్నానం చేసిన జుట్టు పాయలు కట్టడానికీ ఇదే కారణం.

వెంట్రుక నిటారుగా ఉండాలని చూస్తుంది, నీరు దానిని వంచాలని చూస్తుంది. పోగు సన్నగా, పొడుగుగా ఉండే కొద్దీ గెలుపు నీటిదే. పోగు మందం సగానికి తగ్గితే, దానిని వంచడానికి కావలసిన బలం పదహారో వంతుకు పడిపోతుంది. తడిసిన పోగులు ముందు చిన్న చిన్న జతలుగానూ, ఆ జతలు కలిసి పెద్ద కట్టలుగానూ చేరతాయని ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 2004లో 'నేచర్' పత్రికలో వివరించారు.

మదురై నాయకుల కాలం నుంచీ ఈ సీమలో స్థిరపడిన మన తెలుగువారిలో సేద్యం చేసేవారితో పాటు నేత నేసేవారూ ఉన్నారు. మగ్గం ఇంట్లో పడుగుకు గంజి పెట్టి, ఆరేలోగా కుంచెతో దువ్వడం చూసే ఉంటారు. దువ్వకపోతే నీరు పోగులను జతలు చేస్తుంది, గంజి వాటిని అలాగే బిగిస్తుంది. పట్టుగూటిలోనూ జరిగేది ఇదే. అక్కడ గంజి పని చేసేది సెరిసిన్ అనే జిగురు.

గూటిలో జరిగేది

ఒక బైవోల్టిన్ గూటిలో సుమారు వెయ్యి మీటర్ల పోగు ఉంటుంది. అది మన తల వెంట్రుక కంటే ఎంతో సన్నం. పురుగు నోటి నుంచి వచ్చేటప్పుడు దాని పైనున్న సెరిసిన్ తడిగానే ఉంటుంది. గాలి ఆడితే అది త్వరగా ఆరి, పొరలు ఒకదానికొకటి తేలికగా అంటుకుంటాయి. గదిలో తేమ ఎక్కువైతే జిగురు ఆలస్యంగా ఆరుతుంది. ఈలోగా పోగులు మరింత దగ్గరకు చేరి గట్టిగా అతుక్కుంటాయి. అలాంటి గూడును తీసేటప్పుడు పోగు మాటిమాటికీ తెగుతుంది. పండిన పురుగు గూడు కట్టే ముందు విడిచే మూత్రం కూడా గదిలో తేమను పెంచుతుంది.

ఇదే బలం రీలింగులో మేలు చేస్తుంది. బేసిన్‌లో విడివిడిగా ఉన్న ఎనిమిది, పది గూళ్ళ పోగులు నీళ్ళలోంచి పైకి రాగానే ఒక్కటిగా చేరతాయి. మెలిక వేసిన చోట నీరు పిండుకుపోయి, జిగురు ఆరి గుండ్రని దారం తయారవుతుంది. కనుక అతుక్కోవలసింది రీలరు బేసిన్ దగ్గర, మన చంద్రికలో కాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. గూడు కట్టే గదిలో వేడి 24–25 డిగ్రీలు, గాలిలో తేమ 60–65 శాతం ఉండాలి. తడి-పొడి థర్మామీటరులో రెండు అంకెల తేడా 5 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. 2 డిగ్రీలకు తగ్గితే తేమ మితిమీరినట్లే.

2. ముసురు రోజుల్లోనూ ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచండి. జల్లు, ఈదురుగాలి నేరుగా తగలకుండా మాత్రమే తెర కట్టండి.

3. చంద్రికలో చదరపు అడుగుకు 40–50 పురుగులకు మించి వేయకండి. కింద పాత కాగితాలు పరచి, తడిసిన వెంటనే తీసివేయండి.

4. తడి ఆకు మేత వేయకండి. తడిసిన ఆకులు ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో గాలి ఆడక వేడెక్కుతాయి. దులిపి, నీడలో పలుచగా ఆరబెట్టి వేయండి.

5. చాకీ పురుగులను ఎత్తే ఈక పొడిగా ఉండాలి. తడిసిన ఈక ముద్దకట్టి పురుగును గాయపరుస్తుంది. అప్పుడే పుట్టిన పురుగు పొడవు 3 మిల్లీమీటర్లే. దానికి ఒక్క నీటిచుక్క చాలు, అందులోంచి బయటపడలేదు.

6. బైవోల్టిన్ గూళ్ళను 7, 8 రోజుల తర్వాతే కోయండి.

నెల రోజుల కష్టం చివరి రెండు రోజుల గాలి మీద ఆధారపడి ఉంది. తలుపు తెరవడానికి ఖర్చు లేదు. సందేహాలుంటే మీ దగ్గరలోని టెక్నికల్ సర్వీస్ సెంటరులో సంప్రదించగలరు.