వెంట్రుకలు విరుగుట: కారణములు, కాపాడుకొను విధము

గత సంవత్సరము భాద్రపద మాసమున మా చెల్లెలి మనుమరాలు మా యింటికి వచ్చి, అరుగుమీద కొంతసేపు మాటలాడక కూర్చుండి, తుదకు నన్నొక ప్రశ్న అడిగినది. "తాతా, పెళ్ళి లోపల తిరుమలకు పోయి తలనీలాలు ఇచ్చి వస్తే ఏమన్నా తప్పా?" ఆ పిల్లకు మాఘమాసమున వివాహము నిశ్చయమై యుండెను. మొక్కేమైన కలదా యని అడిగితిని. లేదన్నది. మరి యెందుకమ్మా యనగా తలకు చుట్టుకొన్న చున్నీ తొలగించి చూపినది. నడుము దిగి యుండెడి ఉంగరాల జుట్టు చెంపలయొద్దను, మెడవెనుకను రెండు మూడంగుళముల తుంపులుగా నిలిచి యుండెను. "దువ్వెన పెడితే చాలు, తుంపులే వస్తున్నాయి తాతా" అని కన్నీరు పెట్టుకొన్నది.

తలనీలములు సమర్పించుట భక్తితో చేయు త్యాగము. నీలాదేవి తన కురులను స్వామికి అర్పించిన కథ మన పాఠకులకు తెలిసినదే. ఉన్నదానిని ఇష్టముతో ఇచ్చినప్పుడు అది సమర్పణము. సిగ్గును దాచుకొనుటకు ఇచ్చినది సమర్పణము కాజాలదు. ఆ మాటయే చెప్పి, "ముందు జుట్టు ఎందుకు విరుగుతున్నదో తెలుసుకుందాం తల్లీ, మొక్కు సంగతి తర్వాత" అంటిని.

నేను చిరకాలము సంస్కృతము చెప్పినవాడనే గాని వైద్యుడను గాను. గ్రంథములలో నున్నది చూచితిని. ఆ పిల్లను వెంటబెట్టుకొని చర్మవైద్యుని యొద్దకు పోయి ఆయన చెప్పినది వింటిని. ఆ రెండింటిలో మన ప్రాంతపు స్త్రీలకు పనికివచ్చునని తోచినదానిని ఇచట వ్రాయుచున్నాను.

మొదట ఒక భేదము తెలియవలెను. వెంట్రుక రాలుట వేరు, విరుగుట వేరు. దువ్వెనకు చిక్కిన వెంట్రుకను వెలుతురున పట్టి చూడుడు. ఒక కొనయందు చిన్న తెల్లని బుడిపె యున్నచో అది కుదురుతో ఊడినది. దినమునకు 50 మొదలు 100 వరకు అట్లు ఊడుట సహజము. బుడిపె లేక, పొట్టి తుంపుగా నున్నచో అది నడుమ తెగినది. ఊడుట మితిమీరినచో కారణమును దేహములోపల వెదకవలెను. రక్తహీనత, థైరాయిడు దోషము, ప్రసవము, తీవ్రజ్వరము మున్నగునవి అట్టివి. వానికి వైద్యుని దర్శించి రక్తపరీక్ష చేయించుకొనక తప్పదు. తెగుటకు కారణము మాత్రము చాలవరకు మన చేతులలోనే యుండును.

ఆయుర్వేదము కేశములను అస్థిధాతువుయొక్క మలముగా చెప్పినది. మలమనగా ఇచట నింద్యమైనదని యర్థము కాదు. ఆహారము ధాతువుగా పరిణమించునప్పుడు మిగిలి వెలువడునది. ఆధునికులును దీనికి దగ్గర మాటయే చెప్పుచున్నారు. చర్మమును దాటి బయటకు వచ్చిన వెంట్రుకలో ప్రాణము లేదు. కెరాటిన్ అను మాంసకృత్తుతో అది యేర్పడినది. లోపల నారపోగులు, పైన పెంకుటింటి కప్పువలె ఒకదానిమీద నొకటి పరచుకొన్న సన్నని పొలుసులు. ఆ పొలుసులు సరిగా నున్నంతకాలము వెంట్రుక నునుపుగా మెరయును. అవి లేచినచో ఒక వెంట్రుక మరొకదానిని పట్టుకొని చిక్కుపడును, లోపలి నారలు బయటపడి తెగును. ప్రాణము లేనిది గనుక దేహముపై గాయము మానునట్లు ఇది మానదు. చీలిన కొనలను అతికించెదమని ప్రకటనలు వచ్చుచున్నవి. ఆ అతుకు మరునాటి తలస్నానము వరకే. చీలిన కొనను కత్తిరించుటయొక్కటే మార్గము; లేనిచో ఆ చీలిక పైకి ప్రాకును. ఆడపిల్ల జుట్టుకు కత్తెర తగులరాదని మన యిండ్లలో పెద్దలు అభ్యంతరము చెప్పుచుందురు. వారము, తిథి చూచుకొనుడు, కాదనను. రెండంగుళముల చెడిన కొన తీసివేసినందున దోషము కలదని నేను చదివిన ఏ గ్రంథమందును లేదు.

ఉంగరాల జుట్టునకు ఇబ్బంది మరికొంత హెచ్చు. తలచర్మమునుండి పుట్టు జిడ్డు తిన్నని వెంట్రుకవెంట సులువుగా క్రిందికి దిగును. వంకరల జుట్టులో అది మలుపు మలుపునకు ఆగిపోవుటచే కొనలు ఎండియుండును. వంపు తిరిగిన ప్రతిచోటును బలహీనస్థానమే. దీనికి తోడు బడిలో తోటిపిల్లల యెగతాళి. కావున పెండ్లి యనగానే ఆ వంకరలను వదిలించుకొనవలెనను తొందర కలుగుచున్నది. సౌందర్యలహరిలో అమ్మవారి ముంగురులు స్వభావముచేతనే వంకరలు తిరిగినవని వర్ణన కలదు. కేశవ శబ్దమునకు అందమైన కేశములు గలవాడని శంకర భగవత్పాదులు అర్థము చెప్పిరి. ఆ కేశములు తిన్ననివై యుండవలెనని ఎచటను నియమము పెట్టలేదు. మా పిల్లకు ఈ సంగతులు చిన్ననాడే చెప్పకపోవుట నా లోపము.

ఇక ఆమె చేయించుకొన్నదేమి? నిశ్చితార్థమునకు ముందు ఆషాఢమున పట్టణములోని ఒక బ్యూటీపార్లరులో జుట్టును తిన్నగా సాగదీయించుకొనెను. దీనిని స్ట్రెయిటెనింగ్ అనియు, రీబాండింగ్ అనియు పిలుచుచున్నారు. వెంట్రుకలోని నారపోగులను గంధకపు బంధములు ఒకదానితో నొకటి కట్టి యుంచును. వంకర నిలుచునది వానివలననే. అమోనియం థయోగ్లైకొలేట్ అను క్షారముతో కూడిన మందు ఆ బంధములను త్రెంచును. పిమ్మట వేడి ఇనుపపలకలతో జుట్టును తిన్నగా నొక్కి, హైడ్రోజన్ పెరాక్సైడు గల రెండవ మందుతో బంధములను క్రొత్త తీరున కట్టుదురు. తెగినవన్నియు మరల కట్టుపడవు. ఎంత నేర్పుతో చేసినను వెంట్రుక కొంత బలము కోల్పోవుట నిశ్చయము. మా పిల్ల విషయమున మరియొక పొరపాటు జరిగినది. ముందుభాగము సరిగా రాలేదని శ్రావణమున అదే జుట్టునకు అదే మందు మరల పూయించిరి. త్రెంచినదానినే త్రెంచినచో మిగులునదేమి?

కనుక ఈ పని చేయించుకొని తీరవలెనను వారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకసారి మందు పడిన భాగమునకు మరల మందు పడరాదు. క్రొత్తగా మొలచిన భాగమునకు మాత్రమే పూయవలెను. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును గనుక ఆరు నెలలకు ముందు ఆ ప్రసక్తియే రాదు. రంగు తీసివేయించుకొన్న జుట్టునకు ఈ మందు వలదు. విదేశములలో కాస్టిక్ సోడాతో చేయు మరొక రకము మందు కలదు. ఒకదానిని వాడిన జుట్టునకు రెండవది తగిలినచో వెంట్రుకలు అప్పటికప్పుడే తెగిపడును. అందుచే ఏ మందు వాడుచున్నారో పేరడిగి వ్రాసికొనుట మేలు. కెరాటిన్ చికిత్స యను పేరుతో చేయు కొన్నింటిలో ఫార్మాల్డిహైడు కలదు; వేడి తగిలినప్పుడు అది ఆవిరియై చేయించుకొనువారికిని, చేయువారికిని హాని చేయును. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లపు మందుల వలన మూత్రపిండములు దెబ్బతిన్న ఉదంతములు వైద్యపత్రికలలో ప్రకటింపబడినవి. అమెరికాలో ఆఫ్రికా సంతతి స్త్రీలు తరతరములుగా ఇట్టి మందులు వాడినవారే. ఇప్పుడు వారిలో అనేకులు వానిని విడిచిపెట్టి పుట్టుజుట్టునే పెంచుకొనుచున్నారు. పుట్టుజుట్టు కారణముగా కొలువులోను, బడిలోను ఎవరిని తక్కువ చేయరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 2019లో చట్టమే చేసినది.

మందు జోలికి పోనివారికిని మన బుక్కరాయసముద్రమున జుట్టు విరుగుచునే యున్నది. దానికి నీరు ఒక ముఖ్యకారణము. 14వ శతాబ్దిలో బుక్కరాయల కాలమున కట్టిన చెరువు మనకున్నను, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ యిది. ఇండ్లలో వాడుక నీరు చాలవరకు బోరునీరే. ఆ ఉప్పునీటిలో సున్నము, మెగ్నీషియము మిక్కుటము. సబ్బు దానితో కలిసినప్పుడు నురుగు రాక తెల్లని జిగట తెట్టుగా విరుగును. ఆ తెట్టు వెంట్రుకల పొలుసులపై పేరుకొని జుట్టును పీచువలె చేయును. కుంకుడుకాయ రసమునకు ఈ దోషము లేదు. ఉప్పునీటిలోను అది నురుగునిచ్చును, తెట్టు కట్టదు. అయినను వారమునకు ఒకటి రెండు మార్లకంటె హెచ్చుగా వాడినచో తల ఎండిపోవును. కడపట పోయు ఒక చెంబెడు నీరు వాననీరైనను, కుళాయి మంచినీరైనను అయినచో ఎంతో మేలు. అదియు లేనిచో అర బకెట్టు నీటిలో ఒక నిమ్మకాయ పిండి, ఆ నీటితో జుట్టు తడిపి, పిదప మామూలు నీటితో కడుగవలెను. పులుపు తగిలి పొలుసులు అణగును. నిమ్మరసము చర్మమున నిలిచియుండగా ఎండలోనికి పోరాదు, మచ్చలు పడును.

క్రింది దేహమునకు వేడినీరు బలమిచ్చునని, తలపై పోసినచో కేశములకును, కన్నులకును బలమును హరించునని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పెను. పొగలు గ్రక్కు నీటితో తలంటు పోయు తల్లులు ఈ మాట వినవలెను. నిత్యము తలకు నూనె పెట్టుకొనుటవలని మేలును చరకమహర్షియు విస్తరించి చెప్పెను. శాస్త్రమున తైలమనగా ముఖ్యముగా నువ్వులనూనె. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడుగునప్పుడు మాంసకృత్తు పోకుండ ఆపునని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనయందు తేలినది. పొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజతైలమునకు ఆ గుణము కనబడలేదు. తలంటుకు అరగంట ముందు, కొనలకు విడువకుండ పట్టించిన చాలును. ఆముదము చిక్కనిది, అట్లే పూసినచో చిక్కులు పడును గనుక మూడింతల కొబ్బరినూనెలో కలుపవలెను.

తడిసిన వెంట్రుక బలహీనము, సాగి తెగును. మన ఆడవారు తలస్నానమైన పిదప జుట్టును తువాలుతో చటచట కొట్టుట చిన్ననాటినుండి చూచుచున్నాను. అది మానవలెను. మెత్తబడిన పాత నూలు పంచెతో అద్ది చుట్టి వదలిన చాలును. (మా యింట నా పంచెలు ఇందుకే మాయమగుచున్నవి.) తిన్నని జుట్టును ఆరిన పిదప దువ్వవలెను. ఉంగరాల జుట్టునకు మాత్రము ఇది తారుమారు. పొడిగా దువ్వినచో అది తెగును. కాస్త తడిగా, నూనెగాని కండిషనరుగాని పట్టించి, ముందు వ్రేళ్ళతోను, పిమ్మట పండ్లు ఎడముగానున్న దువ్వెనతోను చిక్కు తీయవలెను. ఎవరికైనను కొనలనుండి మొదలిడి పైకి రావలెను. పైనుండి లాగినచో చిక్కు క్రింద చేరి ముడిపడును.

బిగియించి జడవేయుట, ఉత్త రబ్బరుబ్యాండు చుట్టుట, తడిజుట్టును ముడివేయుట, ఇవి మూడును కీడే. ప్రతిదినము బిగియించినచో నుదుటిపై జుట్టు క్రమముగా వెనుకకు జరుగును, కొంతకాలమునకు మరల మొలవనే మొలవదు. వేరుశనగ చేలలో కలుపుతీయు స్త్రీలు తలకు గుడ్డ చుట్టుకొనుట ఉచితము. మన యెండ వెంట్రుకలోని నారను కూడ చెరచును. ఆహారమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. రాగులు, కందిపప్పు, వేరుశనగలు, నువ్వులు, ఆకుకూరలు మన యిండ్లలో నున్నవే. అన్నము మాని సన్నబడవలెనని చూచు పిల్లలకు మొదట చెడునది జుట్టు.

మా పిల్ల తిరుమలకు పోలేదు. చెడిన కొనలు భుజములవరకు తీయించినది. పెండ్లినాడు పూలజడ బరువు పడనీయక తేలికైన సవరము చేర్చి, తాళి కట్టిన తరువాత దానిని విప్పివేసిరి. క్రొత్తగా మొలచిన ఉంగరాల భాగము, క్రిందనున్న తిన్నని భాగము కలియు చోటు మిక్కిలి బలహీనమని వైద్యుడు హెచ్చరించెను; అచట దువ్వెన ఆనకుండ వ్రేళ్ళతోనే చిక్కు తీసికొనెడిది. మొన్న ఆషాఢమునకు పుట్టింటికి వచ్చినది. నాలుగైదంగుళముల క్రొత్త జుట్టు వంకరలు తిరిగి యున్నది. మిగిలిన తిన్నని కొనలను దీపావళికి తీయించివేయుదునని చెప్పి, అత్తవారియూరిలో దొరకుట లేదట, రెండు శేర్ల కుంకుడుకాయలు సంచిలో పోయించుకొని పోయినది.