తూకానికి నిలిచే పరుపు

పూర్వం పరుపు బజారు నుండి ఇంటికి వచ్చేది కాదు, ఇంటి ముంగిటనే పుట్టేది. పెండ్లి నిశ్చయమైన ఇంటికి దూదేకే పనివాడు విల్లు భుజాన వేసుకొని వచ్చేవాడు. అరుగుమీద చాప పరచి, ఇంటివారు కొని ఉంచిన దూదిని వారి ఎదుటనే తూచి, పనికి కూర్చునేవాడు. నారిపై కొయ్యగుండు పడిన ప్రతిసారీ గంభీరమైన మ్రోత ఒకటి పుట్టి వీధి చివరిదాకా వినిపించేది. ఉండలు కట్టిన దూది విడివడి, నురుగువలె పొంగి, పనివాని తలమీదా కనుబొమలమీదా తెల్లగా వాలేది. ఇంటి ముసలమ్మ గడపలో కూర్చుండి, క్రొత్త దూదిలో పాతది కలియకుండా కనిపెట్టి చూస్తుండేది. సాయంకాలానికి సంచి నిండి, టాకాలు పడి, పరుపు సిద్ధమయ్యేది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి శిష్యులలో అగ్రగణ్యుడైన సిద్దయ్య ఈ వృత్తివారి ఇంట పుట్టినవాడే కావడంచేత, ఆ పనికి తెలుగునాట ఒక గౌరవం కూడ ఉండేది.

ఆనాడు పరుపును గూర్చి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఎన్ని సేర్ల దూది పట్టినది? పొడవు వెడల్పులు మంచాన్నిబట్టి ఏర్పడేవి. మందం కంటికి కనిపించేది గాని దానిని ఎవరూ నమ్మేవారు కారు. బాగా ఏకిన దూది కొద్దిపాటిదైనా మొదట ఎత్తుగానే పొంగుతుంది. ఆరు మాసాలకు అణగిపోయిన తరువాత మిగిలేది తూకమే.

ఈ ప్రశ్న నేడు హైదరాబాదు ఉత్తరపు పొలిమేరలలో మరల అడుగవలసి వచ్చినది. మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపునకు 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. షామీర్‌పేట చెరువు ప్రక్కగా కరీంనగరం వైపునకు రాజీవ్ రహదారి పోతుంది. ఆ రెంటినీ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలుపుతున్నది. 2016 అక్టోబరు 11న మేడ్చల్ పేరు మొదట పెట్టి ఒక జిల్లా ఏర్పడే నాటికే ఈ ప్రాంతంలో ద్రాక్షతోటల స్థానే గిడ్డంగులు లేవసాగినవి. 2015లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ గుండ్లపోచంపల్లి వద్ద పెద్ద గిడ్డంగి తెరచినది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ, షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, సమీపాననే 2008లో వచ్చిన బిట్స్ పిలానీ ప్రాంగణం, వీటి చుట్టూ అద్దె గదులు, క్రొత్త అపార్టుమెంట్లు. ఈ ఇండ్లలో చేరినవారికి మొదట కావలసినది పొయ్యి, తరువాతది పరుపు. దూదేకే విల్లు వారికి తెలియదు. వారు పరుపును సెల్‌ఫోనులో చూచి కొంటారు. అది మొద్దువలె చుట్టబడి అట్టపెట్టెలో వచ్చి గుమ్మంలో నిలుస్తుంది.

ఇటువంటి ఇండ్లలో సాధారణంగా జరిగే సంభాషణ ఒకటి ఉన్నది. పల్లె నుండి నడుము నొప్పితో వచ్చిన తండ్రికై కుమారుడు రాత్రివేళ ఫోనులో పరుపులు వెదకుతుంటాడు.

"ఎంత బరువున్నది బిడ్డా?" అని తండ్రి అడుగుతాడు.

"బరువెందుకు నాయినా, ఎన్ని అంగుళాలో చూడాలె గాని" అని కుమారుడు నవ్వుతాడు.

చదువుకొన్నవాడు కుమారుడే, కాని సరియైన ప్రశ్న తండ్రిది. అది ఎట్లాగో తెలియవలెనంటే ఫోము పరుపు పుట్టుక కొంత తెలియవలెను.

1937లో జర్మనీలో ఆటో బేయర్ అను రసాయనజ్ఞుడు పాలీయురితేన్ అను పదార్థాన్ని కనిపెట్టినాడు. దాని నుండి మెత్తని ఫోము తయారుచేయడం 1950 తరువాతి దశకంలో వ్యాప్తికి వచ్చినది. పాలియాల్, ఐసోసయనేట్ అను రెండు ద్రవాలను కొద్దిపాటి నీటితో కలుపుతారు. నీరు ఐసోసయనేటుతో చర్య జరిపి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. పులిసిన దోసెల పిండివలె ఆ మిశ్రమం పొంగి, కొద్ది నిముషాలలోనే దిమ్మెగా గట్టిపడుతుంది. ఆ దిమ్మెను ఆరనిచ్చి, పొరలు పొరలుగా కోస్తారు. పొంగిన పిండిలో పిండి ఎంత, గాలి ఎంత అన్నదే ఇక్కడ ముఖ్యం. పదార్థం తగ్గించి గాలి పెంచినా దిమ్మె ఎత్తు తగ్గదు. దుకాణంలో వ్రేలితో నొక్కినా తేడా చప్పున తెలియదు. ఒకటి రెండు సంవత్సరాల తరువాత, నడుము ఆనే చోట పల్లం పడినప్పుడు మాత్రం తెలుస్తుంది.

పదార్థమెంతో తెలిపే కొలతనే పాఠశాలలో సాంద్రత అని చెప్పుతారు. ఫోము వర్తకంలో దీనిని ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని లెక్కిస్తారు. 32 సాంద్రత అంటే ఒక ఘనపు మీటరు ఫోము 32 కిలోలు తూగుతుందని అర్థం. ప్రతిదినం పెద్దవారు పడుకొనే పరుపునకు ఇది మంచి హద్దు. దేహం బరువైనవారికి 40 మేలు. ఎప్పుడో వచ్చే చుట్టానికై తీసి వేసే పరుపైతే ఇంతకు తగ్గినా నష్టం లేదు.

ఇక లెక్క. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం గల పరుపు ఘనపరిమాణం తొమ్మిది ఘనపు అడుగులు. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు గనుక, అది సుమారు 0.255 ఘనపు మీటరు. 32 సాంద్రత గల ఫోముతో చేసినదైతే ఈ పరుపు సుమారు 8.2 కిలోలు తూగవలెను. 40 అయితే 10.2 కిలోలు. 20 అయితే 5.1 కిలోలే. పైగుడ్డ బరువు కొంత చేరుతుంది. పరుపును పెట్టె నుండి తీసిన దినమే ఇంటిలోని కాటామీద పెట్టి చూడవచ్చు. అంత పెద్దదానిని కాటామీద నిలుపలేకపోతే, మనిషి ఒకసారి ఒంటిగా, మరొకసారి పరుపును ఎత్తుకొని నిలబడి, తేడా తీసుకొనవచ్చు. ఎనిమిదవ తరగతి పిల్లలచేత చేయించదగిన లెక్క ఇది. సాంద్రత పాఠంలో ఇనుప దిమ్మెకు బదులు ఈ ఉదాహరణ వేస్తే పిల్లలకు నిద్ర రాదు.

అయితే బరువు ఒక్కటే చూచినా మోసపోయే చోటు ఒకటి ఉన్నది. కర్మాగారాలలో కోతకు మిగిలిన ఫోము ముక్కలను తురిమి, జిగురుతో కలిపి, అదిమి చేసే పలకను రీబాండెడ్ ఫోము అంటారు. ఇది చాల బరువైనది, గట్టిది. పైన చెప్పిన కొలతల పరుపులోనే నాలుగంగుళాలు 90 సాంద్రత గల రీబాండెడ్ పలక వేసి, పైన రెండంగుళాలు మాత్రం 32 సాంద్రత ఫోము పరిస్తే మొత్తం 18 కిలోలు తూగుతుంది. అది చెడ్డ పరుపని కాదు. గట్టి పడక కోరేవారు దానినే మెచ్చుకొంటారు. కాని ఎనిమిది కిలోలదానికన్నా పద్ధెనిమిది కిలోలది రెండింతలు మంచిదని ఎంచితే పొరపాటే. కావున పొరలలో ఏది ఎన్ని అంగుళాలు, దేని సాంద్రత ఎంత అని విడివిడిగా అడిగి తెలుసుకొనవలె. ఈ అంకెలు చెప్పని పరుపును, దాని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, విడిచిపెట్టుటే మంచిది. ప్రకటనలలో అంగుళాలు పెద్ద అక్షరాలతో ఉంటాయి. సాంద్రత అడుగున ఎక్కడో చిన్న అక్షరాలతో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. అక్కడ వ్రాసే బరువు కొన్ని వేళల పెట్టె పరిమాణాన్నిబట్టి రవాణాకై కట్టిన లెక్క కావచ్చును. అది పరుపు అసలు బరువేనా అని కూడ అడుగవలెను.

సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత మన్నికకు గుర్తు. గట్టిదనం దేహానికి తగిలే అనుభవం. ఎక్కువ సాంద్రత గల ఫోమును మెత్తగానూ చేయవచ్చు, తక్కువ సాంద్రత గలదానిని గట్టిగానూ చేయవచ్చు. నడుము నొప్పి ఉన్నవారు బల్లవంటి పడకమీదనే పడుకోవలెనన్న నమ్మకం మన ఇండ్లలో చాల గట్టిది. 2003లో లాన్సెట్ అను వైద్యపత్రికలో స్పెయిన్ దేశపు పరిశోధన ఒకటి వెలువడినది. దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడే 313 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి గట్టి పరుపులు, మరొక వర్గానికి మధ్యరకం గట్టిదనం గలవి ఇచ్చి 90 దినాలు పరిశీలించినారు. మధ్యరకంమీద పడుకొన్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగినది. "ఆర్థోపెడిక్" అను మాట పరుపుమీద అచ్చువేసి ఉన్నంత మాత్రాన వైద్యుడు దానిని వ్రాసి ఇచ్చినట్లు కాదు.

మెమరీ ఫోము సంగతి వేరు. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పనిమీద చార్లెస్ యోస్ట్ అను ఇంజనీరు విమానపు ఆసనాలకై దీనిని రూపొందించినాడు. దేహపు వేడికి మెత్తబడి, ఒత్తిన చోట ఒదిగి, మెల్లగా తిరిగి లేవడం దీని గుణం. వేడికి మెత్తబడేది చలికి బిగుస్తుంది. మేడ్చల్ ఆరుబయలు ప్రాంతాలలో జనవరి తెల్లవారుజామున చలి తీవ్రంగానే ఉంటుంది. ఏప్రిల్, మే మాసాలలో పగటివేడి 40 డిగ్రీలు దాటుతుంది, డాబా ఇల్లు అర్ధరాత్రి దాకా ఆ వేడిని విడువదు. అందుచేత ఈ పరుపు చలికాలంలో ఒక తీరుగా, ఎండాకాలంలో మరొక తీరుగా ఉంటుంది. పైగా ఒంటి వేడిని నిలిపి ఉంచుతుంది. శీతల యంత్రం లేని గదిలో మెమరీ ఫోము పైపొర ఒక అంగుళానికి మించకుండుట మంచిది. గాలి ఆడే పడక కోరేవారికి రబ్బరు పాలతో చేసే లేటెక్స్ పరుపు ఉన్నది. 1929లో డన్‌లప్ సంస్థలో ఇ. ఎ. మర్ఫీ అను రసాయనజ్ఞుడు రబ్బరు పాలను గిలకొట్టి నురుగు చేసినప్పటినుండి ఇది వాడుకలో ఉన్నది. వెల మాత్రం ఎక్కువ.

పేరును చూచి కొనేవారికి ఒక మాట. స్లీప్‌వెల్ పరుపులు చేసే షీలా ఫోమ్ సంస్థ 2023లో కర్లాన్‌ను కొనివేసినది. రెండు పేర్ల మధ్య ఎన్నిక చేస్తున్నామనుకొనే గృహస్థుడు ఒకే యజమాని రెండు చేతులను చూస్తుండవచ్చు. అంకెలకు ఈ గొడవ లేదు.

కొలతలలో జరిగే పొరపాట్లు తక్కువవి కావు. వడ్రంగి చేసిన టేకు మంచాలు ఒకదానికొకటి సరిపడవు. తాతగారి పట్టెమంచానికి పట్టెల లోపలి కొలత తీయవలెను గాని వెలుపలిది కాదు. ప్రత్యేకమైన కొలతతో చేయించిన పరుపును పలువురు వర్తకులు తిరిగి తీసుకొనరు. నూరు రాత్రులు పడుకొని చూడవచ్చునన్న హామీ దానికి వర్తిస్తుందో లేదో సొమ్ము కట్టకముందే చదువుకొనవలె. చుట్టను విప్పిన తరువాత రెండు మూడు దినాలలో పరుపు పూర్తి ఎత్తుకు రావాలి. ఆ వాసన పోవడానికి కిటికీలు తెరచి ఉంచాలి.

వచ్చినది చెప్పినట్లు లేకపోతే ఊరక కూర్చుండనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద 2020 జూలైలో ఆన్‌లైను వ్యాపారానికి నియమాలు ఏర్పడినవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో సమాధానమివ్వాలి, ఒక మాసంలో దానిని పరిష్కరించాలి. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1915. వర్తకుడు ఢిల్లీలో ఉన్నా కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. అయితే "మెత్తగా లేదు" అన్న ఫిర్యాదును నిరూపించడం కష్టం. సాంద్రత 40 అని వ్రాసి పది కిలోలకు బదులు ఆరు కిలోల ఫోము పంపినారన్నది కాటా చెప్పే సాక్ష్యం. అందుకే కొన్ననాటి వివరాల పుటను, పరుపుమీది చీటీని, తూచిననాటి ఛాయాచిత్రాన్ని దాచుకొనవలెను.

దూది పరుపునకు ఉన్న ఒక సుగుణం మాత్రం ఫోముకు రాలేదు. అణగిన దూదిని విప్పి, ఎండకు వేసి, ఏకి, మరల నింపవచ్చు; ఏకే యంత్రాన్ని బండిమీద పెట్టుకొని వీధులు తిరిగేవారు తెలంగాణ పట్టణాలలో నేటికీ కనిపిస్తారు. ప్రత్తి విరివిగా పండే ఈ రాష్ట్రంలో వారికి పని తగ్గిపోతున్నది. పల్లం పడిన ఫోమును లేపగల విల్లు లేదు. దానిని కోసి దిండ్లలో కూరుతారు, కుర్చీలకు వేస్తారు, తక్కినది చెత్తబండిలో పోతుంది. గృహస్థుడు మళ్ళీ ఫోను తీస్తాడు.