పెనుకొండ సెల్టోస్: మారిన రూపం, మారబోయే రూపం

కియా సెల్టోస్ ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి దేశమంతా తిరుగుతున్న కారు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరున్న కర్మాగారంలో 2019లో దీని తయారీ మొదలైంది. ఏడేళ్లు తిరక్కముందే ఒకసారి ముఖం మార్చుకుంది, మరోసారి ఒళ్లంతా మార్చుకుంది. ఇకముందు ఎలా మారుతుందన్నది కొనాలనుకునేవాళ్లకూ, ఇప్పటికే కొన్నవాళ్లకూ ఆసక్తి కలిగించే ప్రశ్న. దీనికి జవాబు ఊహే అయినా గాలిలోంచి పుట్టే ఊహ కానక్కర్లేదు. కారు రూపాన్ని పన్నులు, ఉద్గార నిబంధనలు, భద్రతా పరీక్షలు, అచ్చుల ఖర్చు, నడిచే నేల కలిసి నిర్ణయిస్తాయి. ఇవి ఇప్పటిదాకా ఎటు లాగాయో చూస్తే ఇకపై ఎటు లాగుతాయో చాలావరకు చెప్పవచ్చు.

సెల్టోస్ చేరిన వర్గం మన దేశంలో మరీ పాతది కాదు. అంతకుముందు ఎత్తయిన బండి అంటే జీపు, బొలెరో, స్కార్పియో. వాటికి లారీల మాదిరిగా కింద ఇనుప చట్రం విడిగా ఉంటుంది, దానిమీద బాడీ కూర్చుంటుంది. 2012 జులైలో వచ్చిన రెనో డస్టర్, 2015 జులైలో వచ్చిన హ్యుందాయ్ క్రెటా వేరే దారి పట్టాయి. వీటిలో బాడీ, చట్రం ఒకటే. మామూలు కారు తరహా నిర్మాణాన్ని కాస్త ఎత్తు చేసి, ముందు చక్రాలకే శక్తినిచ్చి, ధరనూ బరువునూ అదుపులో ఉంచారు. కియా హ్యుందాయ్ గ్రూపులోని కంపెనీ కాబట్టి సెల్టోస్ కూడా ఈ దారిలోనే వచ్చింది.

కర్మాగారం కోసం కియా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నాయి. పెట్టుబడి దాదాపు 110 కోట్ల డాలర్లు, స్థలం సుమారు 536 ఎకరాలు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. కరవు సీమలో ఇంత పెద్ద పరిశ్రమకు నీళ్లు ఎక్కడివన్నది మొదటి ప్రశ్న. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి రిజర్వాయరుకు చేరే కృష్ణా నీరే దానికి జవాబైంది.

2018 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో ‘ఎస్‌పీ’ పేరుతో నమూనా కారును చూపించారు. 2019 ఆగస్టు 22న సెల్టోస్ 9.69 లక్షల ప్రారంభ ధరతో అమ్మకానికి వచ్చింది. పొడవు 4,315 మిల్లీమీటర్లు, ముందు వెనుక చక్రాల నడిమి దూరం 2,610 మిల్లీమీటర్లు. 1.5 లీటర్ల పెట్రోలు, 1.5 లీటర్ల డీజిలు, 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్లు ఇచ్చారు.

ఇంజన్లన్నీ 1,500 సీసీ లోపలే ఉండటం యాదృచ్ఛికం కాదు. అప్పటి జీఎస్టీ లెక్కలో నాలుగు మీటర్లు దాటిన కారుకు ఇంజన్ 1,500 సీసీ లోపల ఉంటే సెస్సుతో కలిపి 45 శాతం పన్ను పడేది. ఇంజన్ ఆ గీత దాటి, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు 170 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉన్న ఎస్‌యూవీకి అది 50 శాతం అయ్యేది. అందుకే ఇదే కారును అమెరికాలో 2 లీటర్ల ఇంజన్‌తో అమ్మిన కంపెనీ ఇక్కడ 1.5 దగ్గర ఆగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ లెక్క మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటని కార్లకు 18 శాతం, వాటికి మించినవాటికి 40 శాతం. సెల్టోస్ పరిమాణంలో ఇప్పుడు 1,500 సీసీ గీతకు పన్నుపరంగా విలువ లేదు. ముందు ముందు ఇంజన్ ఎంపికలో కంపెనీకి దొరికిన మొదటి వెసులుబాటు ఇదే.

కారు మార్పుల్లో రెండు రకాలున్నాయి. మూడు నాలుగేళ్లకోసారి జరిగేది ముఖం దిద్దడం, దాన్నే ఫేస్‌లిఫ్ట్ అంటారు. ఆరేడేళ్లకోసారి జరిగేది తరం మార్పు. ఈ తేడాకు మూలం అచ్చుల్లో ఉంది. తలుపులు, పైకప్పు, పక్క రేకులు భారీ ప్రెస్సుల కింద ఉక్కు అచ్చుల్లో ఆకారం తీసుకుంటాయి. ఒక్కో భాగానికి అనేక దశల అచ్చులు కావాలి, వాటి ఖర్చు తిరిగి రావాలంటే లక్షల కార్లు అమ్ముడుపోవాలి. బంపర్లు, గ్రిల్లు ప్లాస్టిక్. వాటి అచ్చులు మార్చడం చాలా తేలిక. అందువల్ల ఫేస్‌లిఫ్ట్‌లో ముందు వెనుక దీపాలు, గ్రిల్లు, బంపర్లు, లోపలి తెరలు మారతాయి. తలుపులు, కిటికీల గీత, చక్రాల దూరం అలాగే ఉంటాయి.

2023 జులైలో వచ్చిన సెల్టోస్ దీనికి చక్కటి ఉదాహరణ. పొడవు 4,365 మిల్లీమీటర్లకు పెరిగినా చక్రాల దూరం 2,610 దగ్గరే ఉంది. పెరిగిన 50 మిల్లీమీటర్లూ ముందు వెనుక కొసల్లోనివే కాబట్టి లోపల కూర్చున్నవారి కాళ్లకు అదనపు చోటు రాలేదు. అసలు మార్పులు వేరేచోట జరిగాయి. 1.4 టర్బో స్థానంలో 160 పీఎస్ శక్తినిచ్చే 1.5 టర్బో వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ తప్పనిసరయ్యాయి. పై రకాల్లో ముందున్న బండిని కెమెరా, రాడార్లతో గమనించి అవసరమైతే తానే బ్రేకు వేసే వ్యవస్థ చేరింది. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించి చూసిన రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌కు పెద్దల రక్షణలో 5కు 3 నక్షత్రాలే వచ్చాయి, బాడీ నిర్మాణం స్థిరంగా లేదని ఆ సంస్థ తేల్చింది. ఎయిర్‌బ్యాగులను మధ్యలో చేర్చవచ్చు గాని బాడీ అస్థిపంజరాన్ని మొత్తంగా మార్చాలంటే తరం మారాల్సిందే.

ఆ తరం మార్పు 2025 డిసెంబర్ 10న బయటపడింది. ధరలు 2026 జనవరి 2న ప్రకటించారు, ప్రారంభం 10.99 లక్షలు. కొత్త ‘కే3’ పునాది మీద కట్టిన ఈ సెల్టోస్ పొడవు 4,460, వెడల్పు 1,830, చక్రాల దూరం 2,690 మిల్లీమీటర్లు. చక్రాల మధ్య 80 మిల్లీమీటర్లు పెరగడమే ఇది సిసలైన కొత్త కారు అనడానికి గుర్తు. వెనుక సీటులో మోకాళ్ల చోటు పెరిగేది అక్కడే. అయితే మన దేశంలో ఇంజన్లు మాత్రం పాతవే: 1.5 పెట్రోలు, 1.5 టర్బో, 1.5 డీజిలు. పునాదినీ ఇంజన్‌నూ ఒకేసారి మార్చకుండా ఖర్చునూ ప్రమాదాన్నీ విడగొట్టుకోవడం మోటారు పరిశ్రమలో మామూలే. కాబట్టి తర్వాతి పెద్ద మార్పు ఇంజన్‌లో వస్తుందని అనుకోవడం సమంజసం.

ఎప్పుడన్నదానికి పాత తేదీలే దారి చూపుతాయి. సెల్టోస్‌కు మొదటి ఫేస్‌లిఫ్ట్ నాలుగేళ్లకు, కొత్త తరం ఆరేళ్లు దాటాక వచ్చాయి. క్రెటా 2015లో వచ్చి, 2018లో ముఖం దిద్దుకుని, 2020లో తరం మారి, 2024లో మళ్లీ ముఖం దిద్దుకుంది. ఈ లెక్కన సెల్టోస్ తర్వాతి ఫేస్‌లిఫ్ట్ 2029, 2030 ప్రాంతంలోనూ, మూడో తరం 2032 తర్వాతా రావచ్చు. ఇంజన్ మార్పు అంతదాకా ఆగనక్కర్లేదు.

ఆ ఇంజన్ హైబ్రిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. కొత్త సెల్టోస్‌ను విదేశాల్లో హైబ్రిడ్‌గా కూడా ఇస్తామని కియా ప్రకటించింది. ఇక్కడ అందుకు ఒత్తిడి ఉద్గార నిబంధనల నుంచి వస్తోంది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వినియోగం మీద పరిమితి విధించే ‘కెఫే’ నిబంధనల మూడో దశను 2027 ఏప్రిల్ నుంచి ప్రతిపాదించారు. బరువైన ఎస్‌యూవీలు ఎక్కువగా అమ్మే కంపెనీకి ఆ సగటు దించడం కష్టం. హైబ్రిడ్‌లో బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని మోటారు కరెంటుగా మార్చి చిన్న బ్యాటరీలో దాస్తుంది, బండి కదిలేటప్పుడు తిరిగి వాడుతుంది. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు అధికారిక పరీక్షలో లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ వచ్చింది. మార్కెట్లో ఇది పోటీదారులందరూ అందుకోవాల్సిన అంకె.

ఇంధనం కూడా మారింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతటా అమలైంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే, అందుకే మైలేజీ కొంత తగ్గుతుంది. కానీ దాని ఆక్టేన్ ఎక్కువ. ఇంజన్‌లో ఇంధన మిశ్రమాన్ని మరింత గట్టిగా నొక్కినా ముందుగా అంటుకోదు. ఈ గుణాన్ని వాడుకునేలా మొదటినుంచీ రూపొందించిన ఇంజన్ ఆ నష్టంలో కొంత పూడ్చగలదు. ముందు ముందు వచ్చే పెట్రోలు ఇంజన్ ఈ మిశ్రమాన్నే దృష్టిలో పెట్టుకుని తయారవుతుందని ఆశించవచ్చు.

ఇక కారు నడిచే నేల సంగతి గుంటూరు జిల్లా తుళ్లూరు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి పొలాల్లో పరుచుకున్నది చాలావరకు నల్లరేగడి. ఈ మట్టిలోని బంక వానకు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని బీటలు వారుతుంది. అందుకే దానిమీద వేసిన తారు రోడ్డు కొన్నేళ్లకే అలలు తిరిగి, అంచులు కుంగుతాయి. పొలం బాటలో వాన పడితే రేగడి టైరు గాళ్లలో కూరుకుపోయి టైరు నున్నగా అయిపోతుంది. అప్పుడు ముందు చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. బండి ఎంత ఎత్తుగా ఉన్నా ఆ నిమిషంలో ఉపయోగం తక్కువ. సెల్టోస్‌లోని బురద, ఇసుక మోడ్‌లు జారుతున్న చక్రానికి బ్రేకు వేసి పట్టున్న చక్రానికి శక్తి మళ్లిస్తాయి. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే సెల్టోస్ విదేశాల్లో ఉంది, ఇక్కడ లేదు. ధర, బరువు పెరుగుతాయి కనుక అది ఇక్కడికి రావడం అనుమానమే. అయితే హైబ్రిడ్ వచ్చాక వెనుక ఇరుసుకు చిన్న మోటారు పెట్టడం సాంకేతికంగా తేలికవుతుంది.

హైబ్రిడ్‌కు ఈ ప్రాంతం పెట్టే పరీక్ష ఇంకొకటి ఉంది. చాలా హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లార్చే గాలి వెనుక సీటు పక్కనున్న చిన్న జాలీ గుండా వెళ్తుంది. కళ్లాల్లో మిరపకాయలు ఎండబెట్టే నెలల్లో రేగే దుమ్ము, పత్తి నూగు ఆ జాలీ వెనుక వడపోత గుడ్డను మూసేస్తే గాలి ఆడదు, వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే చోట సర్వీసులో ఆ వడపోతను క్రమం తప్పక శుభ్రం చేయించాలి. బ్యాటరీ డిక్కీ కిందికి వస్తే సామాను చోటు తగ్గుతుంది, సీటు కిందికి వస్తే తగ్గదు. కుటుంబ అవసరాల కోసం కొనేవారు మైలేజీ అంకెతో పాటు చూడాల్సినది ఇదే.

రాబోయే మార్పు ఏ రకమైనదో రోడ్డు మీద పరీక్షకు తిరిగే కారే చెబుతుంది. నలుపు తెలుపు చారల ముసుగు దాని గీతలను దాస్తుంది గాని కొలతలను దాచలేదు. ముసుగు ముందు వెనుక కొసలకే పరిమితమై తలుపులు మామూలుగా కనిపిస్తే అది ఫేస్‌లిఫ్ట్. తలుపులు సహా ఒళ్లంతా కప్పి, వెనుక తలుపుకూ వెనుక చక్రానికీ మధ్య దూరం మారి ఉంటే కొత్త తరం. ఆగి ఉన్న బండి ఇంజన్ చప్పుడు లేకుండా కదిలితే హైబ్రిడ్ లేదా విద్యుత్ కారు. అలాంటి బండికి పొగ గొట్టం ఉంటే అది హైబ్రిడ్.