స్వైన్ ఫ్లూ: ఎప్పుడు తేలిగ్గా తీసుకోకూడదు?

స్వైన్ ఫ్లూ హెచ్1ఎన్1 అనే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చే జ్వరం. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో బయటపడింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. భారతదేశంలో తొలి కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లో, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో తేలింది. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసినా వైరస్ పోలేదు, ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా ఉండిపోయింది.

పేరులో స్వైన్ (పంది) ఉన్నా, ఉడికించిన పంది మాంసం తింటే ఇది రాదు. రోగి దగ్గినా, తుమ్మినా ఎగిసే తుంపరలతోనూ, అవి పడిన తలుపు గడియనో బస్సు కడ్డీనో తాకిన చేత్తో ముక్కు, కళ్లు నలుపుకున్నా అంటుకుంటుంది. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు.

జ్వరం, పొడిదగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, తీవ్రమైన నీరసం ఉంటాయి. పిల్లల్లో వాంతులు, విరేచనాలూ కావచ్చు. చాలామంది విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్‌తో వారంలో కోలుకుంటారు. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వనే కూడదు. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలంగా మారడం, ఊపిరి తీసినప్పుడల్లా బిడ్డ డొక్కలు లోపలికి పోవడం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం ప్రమాద సూచనలు. అప్పుడు గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భిణులు, వృద్ధులు, పసిపిల్లలు, మధుమేహం, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు మామూలు జ్వరమేలే అని ఆగడం మంచిది కాదు. వైద్యులు రాసే ఒసెల్టామివిర్ తొలి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. యాంటీబయాటిక్స్ వైరస్‌ను ఏమీ చేయలేవు. ఏటా వేయించుకునే ఫ్లూ టీకా హెచ్1ఎన్1 నుంచీ రక్షణ ఇస్తుంది.