చిలపలో చూసిన రంగు వేరు, అల్లాక వచ్చే రంగు వేరు

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, చేత్తో రంగులద్దిన నూలు ఐదు చిలపలు కొంటున్నాను, మూడు వేలవుతోంది, ఏ రంగు తీసుకోమంటారు?" అని అడిగింది. నేను రంగు చెప్పలేదు. రెండు రోజులు ఆగమ్మా, వీడియో పెడతాను, చూసి అప్పుడు డబ్బు కట్టు అన్నాను. అదే ఈ ఎపిసోడ్.

ముందు నేను తిన్న దెబ్బ చెప్తాను. రెండేళ్ల కిందట ఒక పాప ఓణీల ఫంక్షన్‌కి పొట్టి కోటు ఆర్డరు వచ్చింది. ఒళ్లంతా క్రీము రంగు, అంచులకి కుంకుమ ఎరుపు. ఆ ఎరుపు నూలు చేత్తో అద్దిందే, చూస్తే కళ్లు తిప్పుకోలేం. నెలన్నర అల్లాను. ఫంక్షన్ మే నెలలో, మన తిరువూరు ఎండలు తెలుసుగా. చెమటకి ఎరుపు దిగి, చంకల కింద క్రీము అంతా గులాబీ మరకలు, లోపలి జాకెట్టుకి కూడా. వాళ్లమ్మగారు ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే నాకు ఎక్కువైంది. డబ్బు వెనక్కి ఇచ్చేసి, ఇంకోటి అల్లి ఇచ్చాను. నూలు అమ్మినవాళ్లని అడిగితే, "ఉప్పునీళ్లలో నానబెట్టుకోవాలి కదండీ" అన్నారు. ఆ ఉప్పు సంగతి తర్వాత చెప్తాను.

సరే, రంగు దగ్గరికి వద్దాం. ఇదిగో, ఈ చిలప చూడండి. నెమలికంఠం నీలం, వంగపండు రంగు, మధ్యలో పసుపు చార. పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఇప్పుడు దీంతోనే అల్లిన ఈ ముక్క చూడండి. ఎక్కడికి పోయింది ఆ అందం? బురద రంగు వచ్చింది. చిలపలో ఒక్కో రంగు జానెడు, రెండు జానలు కలిసి ఉంటుంది. అల్లేటప్పుడు ఆ జానెడు పది పన్నెండు కుట్లలో అయిపోతుంది, పక్క వరసలో ఇంకో రంగు వచ్చి కూర్చుంటుంది. రెండడుగుల దూరంలో మన కన్ను వాటిని కలిపేసుకుంటుంది. పసుపూ వంగపండూ కలిస్తే మట్టిరంగే కదా. అందుకని చిలపని చూసి కొనకండి. అల్లిన ముక్క ఫోటో అడగండి. లేదంటే ఒక్క చిలప తెప్పించి, అరచేతి వెడల్పు ముక్క అల్లి చూడండి.

అసలు రంగులు ఎంచడం మనకి రాదా అంటే, వచ్చండీ. చీరల కొట్లో కూర్చుంటే ఎవరూ మనకి నేర్పక్కర్లేదు. ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు, హడావుడి అంతా కొంగులో. ఒళ్లంతా కొంగు డిజైనే ఉన్న చీర ఎవరైనా కొంటారా? నూలుకీ అదే కన్ను వాడండి. నాలుగైదు రంగులున్న చిలప కొంగులాంటిది. దాన్ని మెడ చుట్టూనో, చేతుల చివరో, కింద నాలుగు వేళ్ల అంచుకో వాడి, ఒళ్లంతా ఒకే రంగులో లేతా ముదురూ ఉన్న నూలు పెట్టండి. ఉల్లిపొర రంగులో కాస్త లేత, కాస్త ముదురు కలిసిన చిలప ఉందనుకోండి, దాంతో మొత్తం టాప్ అల్లినా బాగుంటుంది. ఒళ్లు రంగు ఎలా తేల్చుకోవాలి? ఆ కొంగు చిలపలో తక్కువగా ఉన్న రంగేదో చూసి, దాన్ని తీసుకోండి. ఎక్కువగా ఉన్నదాన్ని తీసుకుంటే అంచు ఒంట్లో కలిసిపోతుంది, పెట్టిన డబ్బు కనపడదు.

ఇంకొకటి. మా మేనత్తగారిది నరసాపురం వైపు. అక్కడి క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ చేసినన్నాళ్లూ తెల్లదారం, మహా అయితే క్రీము. చిన్నప్పుడు నాకు విసుగనిపించేది, రంగులు వేయొచ్చుగా అని. ఇప్పుడు అర్థమవుతోంది. రంగు లేకపోతేనే కుట్టు కనపడుతుంది. ఆకులూ చిల్లులూ ఉన్న కష్టమైన డిజైన్ని రంగురంగుల నూలుతో అల్లితే రెండూ పోట్లాడుకుంటాయి, ఏదీ కనపడదు. రంగు ఎక్కువైతే కుట్టు సాదాగా ఉంచండి. డిజైన్ కష్టపడి వేస్తుంటే రంగు తగ్గించండి.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి. పోచంపల్లి ఇక్కత్ వాళ్లు ఏ రంగు ఎక్కడ పడాలో ముందే లెక్కేసి, నూలుని కట్టి, అప్పుడు రంగులో ముంచుతారు. మన చిలపకి ఆ లెక్క వేసినవాళ్లెవరూ లేరు. మీరు వేసే కుట్ల సంఖ్యే ఆ లెక్క. మగ్గం నూలు చిలప పాత కొలత ప్రకారం చుట్టుకి ఒకటిన్నర గజం, అంటే 54 అంగుళాలు, సుమారు 137 సెంటీమీటర్లు. అలాంటివి 560 చుట్లు వేస్తే 840 గజాలు, అదొక చిలప. రంగు ఆ చుట్టు మీదే వేస్తారు కాబట్టి ప్రతి 137 సెంటీమీటర్లకీ అదే రంగు మళ్లీ వస్తుంది. అల్లిక కోసం అమ్మే చిలపల చుట్టు కొలత వేరే ఉండొచ్చు, టేపుతో కొలుచుకోండి.

ఇరవై కుట్లు అల్లండి, విప్పండి, దారం కొలవండి. 40 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, కుట్టుకి రెండు. గుండ్రంగా అల్లేటప్పుడు మీ చుట్టులో 68 కుట్లు ఉంటే 136 సెంటీమీటర్లు పడుతుంది. అంటే దాదాపు చిలప చుట్టంతా! పసుపు మీద పసుపు, నీలం మీద నీలం పడి, సరిగ్గా ఛాతీ మీద పెద్ద మచ్చలా కూర్చుంటుంది. నాకు ఒకసారి అలాగే వచ్చింది, ఎవరో సాంబారు ఒలకబోసినట్టు. దీనికి మందు తేలికే. రెండు ఉండలు పెట్టుకుని, రెండు వరసలు ఒకదాంతో, రెండు వరసలు ఇంకోదాంతో మార్చి మార్చి అల్లండి. చేత్తో అద్దినవి ఏ రెండు చిలపలూ ఒక్కలా ఉండవు, ఆ తేడా కూడా ఇందులోనే కలిసిపోతుంది. అయినా సరే, అన్ని చిలపలూ ఒకే విడతవి అడిగి, ఒకటి ఎక్కువే తెచ్చుకోండి. మధ్యలో అయిపోతే ఆ రంగు మళ్లీ దొరకదు.

పక్కపక్క రంగుల గురించి ఒక పాత కథ. పారిస్‌లో గోబెలిన్ అనే పెద్ద నేత కార్ఖానా ఉంది. అక్కడ అద్దకం విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. మీ నల్లరంగులో పస లేదు, నీలం పక్కన వెలవెలబోతోంది అని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే రంగు బాగానే ఉంది. పక్కనున్న రంగు వల్ల కంటికి అలా కనపడుతోంది. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. మనకి పనికొచ్చే మాట ఏంటంటే, చిలపలని విడివిడిగా చూసి "ఇది బాగుంది, అదీ బాగుంది" అనుకోవద్దు. రెండు దారాలు పేని, వేలికి చుట్టి చూడండి. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో కూడా తీయండి. రెండూ ఒకే బూడిదరంగులో వస్తే డిజైన్ కనపడదన్నమాట, ఒకటి ఎరుపూ ఒకటి పచ్చా అయినా సరే. ఇదంతా పగలు, కిటికీ దగ్గర. ట్యూబ్‌లైటు కింద కొన్న గంధం రంగు ఇంటికొచ్చాక పచ్చిమామిడి రంగులో కనపడ్డ సందర్భాలు నాకు బోలెడు.

ఇక ఉప్పు సంగతి. పత్తి నూలుకి ఇప్పుడు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. సోడా వేసిన నీళ్లలో ఆ రంగు దారంతో కలిసి పట్టుకుంటుంది. పట్టుకోని రంగు కొంత మిగులుతుంది. దాన్ని వేడి సబ్బునీళ్లలో మళ్లీ మళ్లీ కడిగి తీసేయాలి. ఆ కడగడంలో బద్ధకిస్తేనే తర్వాత దిగేది. అద్దేటప్పుడు ఉప్పు వేస్తారు, నిజమే, రంగు దారంలోకి ఎక్కడానికి. అంతే గానీ అద్దేశాక మీరు ఉప్పునీళ్లలో ఎంతసేపు నానబెట్టినా తాళం పడదు. వెనిగర్ కూడా అంతే. ఉన్నికీ పట్టుకీ అద్దే ఆసిడ్ రంగులకి అది పనికొస్తుంది, అదీ అద్దేటప్పుడు, వేడి మీద.

నేను ఇప్పుడు చేసేది ఇది. మూర దారం కత్తిరించి, పాత తెల్ల బనియన్ ముక్కలో చుట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట ఉంచి, పిండి, విప్పకుండా ఆరబెడతాను. బనియన్‌కి అంటితే చిలపలన్నీ వేడి సబ్బునీళ్లలో ఉతికి మళ్లీ చూస్తాను. నాలుగుసార్లకీ అంటుతుంటే ఆ నూలు లేత రంగు పక్కకి రానివ్వను, ఒంటరిగానే వాడతాను. సహజ రంగులకీ ఈ పరీక్ష చేయండి. నీలిమందు వేలికి అంటుకుంటుంది, అది దాని గుణం, లేత రంగుతో జత కట్టేముందు ఆలోచించండి. పసుపు కొమ్ముతో అద్దింది ఎండకి తేలిపోతుంది. పటికతో కట్టిన మంజిష్ఠ ఎరుపు అంతకంటే చాలా నయం.

ఉన్ని గురించి ఒక్క మాట. బయటిదేశాల వీడియోల్లో కనిపించేది ఎక్కువగా మెరినో ఉన్ని. ఉరుగ్వేలో మనోస్ అని పల్లెటూరి ఆడవాళ్ల సహకార సంఘాలు 1968 నుంచి ఈ పని చేస్తున్నాయి, రంగులు అద్భుతం. కానీ ఎడిన్‌బరో వెళ్లే కోడలికి తప్ప మనకెందుకు? ఇక్కడ పత్తే. మెర్సరైజ్ చేసిన పత్తి అయితే రంగు నిండుగా పట్టి మెరుస్తుంది. పత్తి బరువు, సాగితే మళ్లీ ముడుచుకోదు, కాబట్టి పొడుగు కోట్ల జోలికి పోవద్దు.

ఫోన్ చేసిన అమ్మాయీ, నువ్వు పంపిన ఫోటోలో ఆ వంగపండు చిలప ఒక్కటి తీసుకో. మిగతా నాలుగూ ఆ ఉల్లిపొర రంగువి అడుగు. ముందు ఒక్కొక్కటే తెప్పించుకుని బనియన్ పరీక్ష చెయ్యి, ఏమైందో నాకు చెప్పు. వచ్చే ఎపిసోడ్‌లో మెడ పట్టీ దగ్గర కుట్లు ఎత్తడం చూపిస్తాను. ఉంటానండి.